ఏప్రిల్ 23తో బడి ముగింపు: ప్రాథమిక తరగతుల పిల్లల వేసవి సంగతులు (ఉమ్మడి నల్లగొండ, పాలమూరు)

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 18

అందరికీ నమస్కారం. నల్లగొండ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. ఈ వారమంతా బడి గేటు దగ్గర తల్లిదండ్రులు అడుగుతున్నవి అవే ప్రశ్నలు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. మిగిలిన ఊళ్ల వాళ్లు తమకు తెలిసింది కలపండి.

సమ్మేటివ్-2 (ఏడాది చివరి) పరీక్షలు పూర్తయ్యాయి. చివరి పనిదినం ఏప్రిల్ 23, ప్రోగ్రెస్ కార్డులు ఆ రోజే. ఒంటిపూట బడి కనుక ఉదయం ఎనిమిదికల్లా రండి. పన్నెండున్నరకు పిల్లలు భోజనం చేసి వెళ్లిపోతారు, పదకొండు దాటాక వస్తే మాట్లాడే తీరిక మాకూ ఉండదు, ఎండలో తిరిగి వెళ్లే ఓపిక మీకూ ఉండదు. బడి మళ్లీ తెరిచేది జూన్ 12న.

కార్డు చేతికి రాగానే మార్కుల గడి చూసి పిల్లవాడి వైపు ఉరిమి చూడకండి. టీచరును ఒకటే అడగండి: "మా పిల్ల తన తరగతి తెలుగు పాఠం తడబడకుండా చదువుతుందా, చదివింది తన మాటల్లో చెప్పగలుగుతుందా?" మూడో తరగతి పిల్లకు ఈ రెండూ వస్తే దిగులు పడాల్సిన పని లేదు. రాకపోతే చేతిలో ఏడు వారాలున్నాయి. పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టు 2022లో మొదలైనప్పటి నుంచి ఏ పిల్ల చదవడంలో ఎక్కడ ఉందో టీచర్ల దగ్గర రాసి ఉంటుంది. అడిగితే చూపిస్తారు.

ఐదో తరగతి పూర్తయిన పిల్లల తల్లిదండ్రులకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. రికార్డు షీటు (ప్రాథమిక బడి ఇచ్చే టీసీ లాంటిది) తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి చదవండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉన్నాయా, పెన్ నంబరు (బడి మారినా మారని విద్యార్థి గుర్తింపు సంఖ్య) వేశారా చూసుకోండి. పదో తరగతి మెమో మీద తప్పు పడ్డాక దాన్ని సరిచేయించడానికి తిరిగే తిరుగుడు పగవాడికి కూడా వద్దు. అలాగే ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఇప్పించాలి. ఐదు నుంచి ఏడేళ్ల లోపు ఇది ఉచితం. జూన్‌లో ఆధార్ కేంద్రాల దగ్గర జాతర ఉంటుంది, మే నెలలోనే పని కానివ్వండి.

మిర్యాలగూడ నాన్న | ఏప్రిల్ 18

టీచర్ గారూ, మా పాప ప్రైవేటు బడిలో రెండో తరగతి. సెలవుల పని అని నాలుగు నోటుపుస్తకాలు ఇచ్చారు. ఎక్కాలు ఇరవై దాకా పదిసార్లు, చేతిరాత రోజుకు మూడు పేజీలు, దాని పైన మూడో తరగతి ఇంగ్లిష్ పాఠాలు ముందే చదివి రావాలట. ఆ పుస్తకాలు కూడా బడి చెప్పిన దుకాణంలోనే కొనాలి, బయట దొరకవు. ధర గురించి రాస్తే మళ్లీ రక్తపోటు పెరుగుతుంది, వదిలేస్తున్నాను. నా ప్రశ్న ఒకటే: ఇదంతా చేయించాలా?

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 18

బడి వాళ్లు అడిగేదానికి నేను అడ్డు చెప్పలేను కానీ, నా తరగతిలో అయితే పదిసార్లు రాసిన ఎక్కం కన్నా అంగడిలో ఒకసారి లెక్కగట్టిన చిల్లరకే విలువ ఇస్తాను. పాపను కూరగాయలకు వెంట తీసుకెళ్లండి. కిలో టమాటా ఇంత అయితే అరకిలో ఎంత, వంద ఇస్తే ఎంత తిరిగి రావాలి అని తననే అడగండి. చేతిరాత రోజుకు అర పేజీ చాలు, అదీ తనకు నచ్చింది రాయనివ్వండి. పై తరగతి పాఠాలు ముందే చదివిస్తే జూన్‌లో పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటారు.

కోస్గి పెద్దమ్మ | ఏప్రిల్ 19

టీచరమ్మా, నాకు చదువు రాదు. పక్కింటి అమ్మాయి ఫోనులో నా మాట పలికించి రాస్తోంది. కొడుకు, కోడలు పుణెలో కట్టడాల పనికి వెళ్లారు. మనవడు నా దగ్గరే ఉండి మూడో తరగతి చదివాడు. పుస్తకం ముందు పెట్టుకుంటాడు, చదువుతున్నాడో లేదో నాకు తెలియదు. నేను ఏం చేయగలను?

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 19

పెద్దమ్మా, మీరు చేయగలిగింది చాలా ఉంది. రోజూ పొద్దున వాడిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించుకోండి. వేలు అక్షరాల కింద కదులుతుండాలి. వేలు ఒకచోట ఆగి మాట ఇంకోచోటికి పోతే వాడు బట్టీ పట్టింది చెబుతున్నాడని అర్థం. చదివాక "ఏమైందిరా కథలో?" అని అడగండి. మీకు కథ అర్థమయ్యేలా చెప్పాడంటే చదివినట్టే.

రెండోది, మీ చిన్నప్పటి కథలు, మీ ఊరి చెరువు, పంటలు, కరువు రోజులు వాడికి చెప్పండి, వాడు నోటుపుస్తకంలో రాయాలి. తప్పులు వస్తే రానివ్వండి, జూన్‌లో వాళ్ల టీచరు చూస్తారు. రాసింది వారానికి ఒకసారి ఫోనులో వాళ్ల నాన్నకు చదివి వినిపించమనండి. పుణెలో ఉన్న తండ్రి వింటాడంటే వాడు ఇంకో పేజీ రాస్తాడు.

జడ్చర్ల లెక్కల మాస్టారు | ఏప్రిల్ 19

పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడిని. ఎండాకాలం లెక్కలకు ట్యూషన్ పెట్టించడం కన్నా ఇంట్లో చాక్‌పీసుతో నేల మీద ఒక గళ్ల పటం గీయడం మేలు.

అష్టాచెమ్మా చూడండి. నాలుగు గవ్వలు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ పడితే చెమ్మా అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. అయిదు గళ్ల చొప్పున అయిదు వరుసలు, మొత్తం ఇరవై అయిదు ఇళ్లు. కాయ కదిపే ముందు "నీకు మూడు పడితే ఎవరిని చంపుతావు, చెమ్మా పడితే ఎక్కడ ఆగుతావు?" అని అడిగితే ఒకటో తరగతి పిల్ల కూడిక వేళ్ల మీద కాకుండా కళ్లతో చేయడం మొదలుపెడుతుంది. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒక వైపు అరగదీసి వాడుకోండి.

కాస్త పెద్ద పిల్లలకు వామనగుంటలు. ఇటు ఏడు, అటు ఏడు గుంటలు, గుంటకు అయిదేసి గింజలు పోస్తే డెబ్భై. ఒక గుంటలోవి తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. ఆఖరి గింజ వేశాక తర్వాతి గుంటలోవి తీసుకుని ఆట సాగించాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాన్ని తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. గింజలు ఎక్కడ అయిపోతాయో చెయ్యి పెట్టకముందే ఊహించినవాడే గెలుస్తాడు. మా మనవరాలు నాలుగో తరగతి. మొదట్లో ఏ గుంట కనబడితే ఆ గుంట ఎత్తేది. ఇప్పుడు చెయ్యి గాలిలో ఆపి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, అప్పుడు ముట్టుకుంటుంది. భాగహారం వచ్చేది అక్కడి నుంచే. నన్ను ఓడించాక ఆమె చేసే సంబరం గురించి వేరే రాయాలి.

దేవరకొండ గుట్ట | ఏప్రిల్ 19

చదువు సరే, ఈత సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వాడికి తొమ్మిదేళ్లు. ఈ వేసవిలో మా మామ గారి వ్యవసాయ బావిలో నేర్పిద్దామనుకుంటున్నాను. నడుముకు నీళ్లపై తేలే మునగబెండ్లు కట్టి మమ్మల్నీ అలాగే దించారు. ఇంట్లో ఆవిడ ససేమిరా అంటోంది. మీరేమంటారు?

హాలియా అమ్మ | ఏప్రిల్ 19

ఆవిడ మాటే నా మాట. మేము సాగర్ ఎడమ కాలువకు దగ్గరలో ఉంటాం. ప్రతి ఎండాకాలం ఎవరో ఒక పిల్లవాడి వార్త వినాల్సి వస్తోంది. మీరు బావిలో నేర్పిస్తారు, వాడు నెల తిరగకుండా స్నేహితులతో కాలువకు వెళతాడు. వచ్చీరాని ఈత అసలు రాకపోవడం కన్నా ప్రమాదం.

దేవరకొండ గుట్ట | ఏప్రిల్ 20

అక్కా, ఈత రాని పిల్లవాడు నీళ్లకు దూరంగా ఉంటాడని నమ్మకం ఏముంది? కాలు జారితే? పండుగలకు నీళ్ల గట్టుకు తీసుకెళ్లినప్పుడు? ఊరి చుట్టూ బావులు, కుంటలు పెట్టుకుని ఈత నేర్పకపోవడమే నాకు భయం.

నకిరేకల్ నర్సు | ఏప్రిల్ 20

ఆసుపత్రిలో పని చేసేదాన్ని కనుక ఇద్దరి భయమూ నాకు తెలుసు. నేర్పించండి అనే నా అభిప్రాయం. కానీ ఎక్కడ, ఎవరి సమక్షంలో అన్నదే అసలు సంగతి.

కాలువ ఈత నేర్చుకునే చోటు కాదు. సిమెంటు గోడ ఏటవాలుగా ఉంటుంది, మీద పాచి. ఈత వచ్చిన పెద్దవాళ్లకే గట్టు పట్టు చిక్కదు, నీటి వేగం పైకి కనిపించదు. పొలాల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటలు ఇంకా మోసం. చూస్తే నడుములోతు, దిగితే షీటు మీద కాలు నిలవదు, పైకి ఎక్కలేరు. మీ కుంట అలాంటిదే అయితే నాలుగు వైపులా ముళ్లు వేసిన తాళ్లు వేలాడదీసి కంచె కట్టించండి. చెరువుల్లో మట్టి, మొరం తవ్విన చోట గుంతలుంటాయి. మోకాటిలోతు నీళ్లలో నడుస్తున్న పిల్ల ఒక్క అడుగులో మునిగిపోతుంది. నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే పిల్లలు చెరువులోకి దిగుతారు కనుక ఈ గుంతల సంగతి వాళ్లకు చూపించి చెప్పండి.

ఎవరైనా మునిగితే పిల్లలు నీళ్లలోకి దూకకూడదు, ఇది కంఠతా పట్టించండి. ఒకరి వెనుక ఒకరు దూకి ముగ్గురు పోయిన సంఘటనలు మన వైపు విన్నవే. కేక వేయాలి, గట్టు మీద నుంచి తాడో, వెదురుగడో, చీరో అందించాలి, ఏదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ బిందెను విసరాలి.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం వద్దు. శ్వాస లేకపోతే తల కాస్త వెనక్కి వంచి నోటితో గాలి ఊది, ఛాతీ మధ్యలో ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఇదే ఆపకుండా చేయాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలయ్యే పిల్లలుంటారు.

హాలియా అమ్మ | ఏప్రిల్ 20

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను అన్నా, మీకు పాప ఉంటే బావిలో దించేవారా?

దేవరకొండ గుట్ట | ఏప్రిల్ 20

ఉందక్కా, ఏడేళ్లు. ఆమెకూ నేర్పిస్తాను. మెట్లున్న బావి, నేనూ మా బావమరిదీ ఇద్దరం నీళ్లలోనే ఉంటాం. ఇంట్లో ఆవిడ గట్టు మీద తాడు పట్టుకుని కూర్చునే షరతు మీద ఒప్పుకుంది.

మర్రిగూడ మిత్రుడు | ఏప్రిల్ 20

నీళ్ల మాట వచ్చింది కాబట్టి తాగే నీళ్ల గురించి. సెలవులకు పట్నం నుంచి పిల్లలు అమ్మమ్మ ఊరికి వస్తారు. మా మండలంలో ఫ్లోరైడ్ బాధ ఏమిటో పాత తరాన్ని చూస్తే అర్థమవుతుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చాక మార్పు వచ్చింది, కాదనను. కానీ పొలానికి వెళ్లిన పిల్లలు బోరు మోటారు దగ్గర దోసిలి పట్టి తాగేస్తారు, చల్లగా తియ్యగా ఉన్నాయంటారు. ఫ్లోరైడ్‌కు రుచీ వాసనా ఉండవు.

ఒక అపోహ కూడా ఉంది. కాచి చల్లారిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదని మన దేశ ప్రమాణం, 1 లోపు ఉంటే మంచిది. చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారయ్యేది ఎక్కువగా ఎనిమిదేళ్ల లోపే, పంటి మీద మచ్చలకు బీజం పడేదీ ఆ వయసులోనే. పొలానికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచి సీసాలో భగీరథ నీళ్లు ఇచ్చి పంపండి. చిన్నపిల్లలకు టీ కూడా వద్దు, తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. (పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచం పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. గర్వపడాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తేలలేదు.)

నకిరేకల్ నర్సు | ఏప్రిల్ 20

మంచి సంగతి గుర్తు చేశారు. వడదెబ్బ గురించి కూడా రెండు మాటలు.

ఓఆర్‌ఎస్ అంటే ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇచ్చే పొడి, తియ్యటి డబ్బా పానీయం కాదు. పేరులో ఆ మూడు అక్షరాలు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మేవాళ్ల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉందో లేదో చదవండి. ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుడు నీళ్లలో చిటికెడు వేసి ఇచ్చే అలవాటు మానండి, లెక్క తప్పుతుంది. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా నెత్తి లేకుండా సమంగా ఉండాలి.

పిల్లకు ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే అది మామూలు జ్వరం కాదు. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. జ్వరం గోలీ దీనికి పని చేయదు. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు పోయకండి. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా క్రికెట్ వద్దని చెప్పడం కష్టమే, నాకు ఇద్దరు మగపిల్లలు. బ్యాటు బీరువాలో పెట్టి తాళం నా దగ్గర ఉంచుకుంటాను.

జడ్చర్ల లెక్కల మాస్టారు | ఏప్రిల్ 20

మజ్జిగ, జొన్న అంబలి, తాటి ముంజలు ఉన్నంత వరకు డబ్బా పానీయాలు ఎందుకమ్మా. ముంజలు తిన్నాక ఆ కాయల బుర్రలకు కర్ర గుచ్చి బండి చేసి ఇస్తే సాయంత్రం దాకా పిల్లల చప్పుడుండదు.

నల్లగొండ రామగిరి అక్క | ఏప్రిల్ 21

పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే మన దగ్గరే బోలెడున్నాయి, ఊటీ దాకా పోనక్కర లేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పొద్దున్నే వెళ్లండి. కందూరు చోళుల కాలం గుడి. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. మా బాబు "ఏ స్తంభం నీడ అమ్మా?" అని ఒక్కో స్తంభం ముందూ చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఏ ఒక్కదానిదీ కాదు, మండపంలో పలు దిక్కుల నుంచి వచ్చే వెలుగుకు కొన్ని స్తంభాల నీడలు ఒకేచోట కలుస్తాయి. ఇంటికొచ్చి చీకటి గదిలో నాలుగు సీసాలు నిలబెట్టి రెండు టార్చిలైట్లతో ప్రయత్నించాడు. సగం సాయంత్రం అదే పని. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయ సముద్రం చెరువు కట్ట ఉన్నాయి.

మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఎలాగూ ఉంది. ఊడలే మానులై ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు మందు చుక్కచుక్కగా ఎక్కించి బతికించారు. పిల్లలకు ఈ కథ చెప్పి తీసుకెళ్లండి, చెట్టును వేరుగా చూస్తారు. నాగార్జునసాగర్‌లో 2022లో తెరిచిన బుద్ధవనం చాలా పెద్దది, అందులో జాతక కథల శిల్పాలున్న భాగం చిన్నపిల్లలకు బాగుంటుంది. మధ్యాహ్నం మాత్రం రాళ్లు కాలుతాయి.

బస్సు సంగతి. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో నాకూ పాపకూ టికెట్ డబ్బు లేదు. ఆధార్ వెంట ఉంచుకుంటే చాలు. బాబుకు మాత్రం అర టికెట్. "నేను మగపిల్లవాడిగా పుట్టడం నా తప్పా?" అని దారంతా కండక్టరుతో వాదన.

మిర్యాలగూడ నాన్న | ఏప్రిల్ 21

ఫోను గురించి ఎవరైనా చెప్పండి. రాత్రి పదకొండయినా పాప వదలదు.

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 21

ముందు ఇంట్లో పెద్దవాళ్లు రాత్రి భోజనం దగ్గర ఫోను పక్కన పెట్టాలి. అది జరగనంత వరకు ఎవరు చెప్పినా పాప వినదు. ఫోను ఇవ్వాల్సి వస్తే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, స్థాయి వారీగా ఎంచుకోవచ్చు. మీరు పక్కన కూర్చుని ఒక పేజీ మీరు, ఒక పేజీ తను చదవండి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు అడగండి. ఉదయం పూట ఫ్యాను కింద అక్కడ గంట గడిస్తే ఎండకు ఎండా తప్పుతుంది.

మిర్యాలగూడ నాన్న | ఏప్రిల్ 21

సరే. ఇంకొక్కటి. ఫీజు భారం మోయలేక వచ్చే ఏడాది ప్రభుత్వ బడిలో చేరుద్దామా అని ఇంట్లో అనుకుంటున్నాం. పాత బకాయి కడితేనే టీసీ (బదిలీ పత్రం) అంటున్నారు. టీసీ లేకుండా చేర్చుకుంటారా? ఇంగ్లిష్ మీడియం ఉంటుందా?

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 21

చేర్చుకుంటాం. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. పాప ఆధార్, పెన్ నంబరు తెచ్చుకోండి. ఇంగ్లిష్ మీడియం ఉంది, 2022 నుంచి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇంట్లో మీరు తెలుగు పేజీ చూసి పాపకు సాయం చేయవచ్చు, అందుకే నాకు ఈ పుస్తకాలంటే ఇష్టం. పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. జూన్‌లో పిల్లల్ని చేర్పించే బడిబాటకు మేమే ఇంటింటికీ తిరుగుతాం కానీ మీరు అంతకు ముందే వచ్చి తరగతి గదులు, మరుగుదొడ్లు, టీచర్ల సంఖ్య చూసుకోండి. అన్ని ప్రభుత్వ బడులూ ఒకేలా ఉండవు, ఆ మాట నేనే అంటున్నాను.

వనపర్తి నాన్న | ఏప్రిల్ 22

మా బాబు ఐదులోకి వెళ్తున్నాడు. నవోదయ (కేంద్ర ప్రభుత్వ వసతి బడి) ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు కోచింగ్ సెంటరులో వేయాలా? వేసవి మొత్తం పొద్దున్నా సాయంత్రం తరగతులంటున్నారు.

జడ్చర్ల లెక్కల మాస్టారు | ఏప్రిల్ 22

బాబూ, పరీక్ష స్వరూపం ముందు తెలుసుకోండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో మానసిక సామర్థ్యానికే 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంకగణితం 20, భాష 20. సగం మార్కులు బొమ్మల పోలికలు, తేడాలు, అద్దంలో రూపాల మీద ఉన్నప్పుడు పాత ప్రశ్నపత్రాలు తెచ్చి రోజూ గంట కూర్చుంటే చాలు. మిగతా సమయం అష్టాచెమ్మా! తెలుగులోనే రాయవచ్చు. మీకు దగ్గరిది బిజినేపల్లి మండలం వట్టెం, నల్లగొండ వాళ్లకు చలకుర్తి. ఏ జిల్లాలో ఐదో తరగతి చదువుతాడో ఆ జిల్లా సీటుకే పోటీ, కాబట్టి ఈ ఏడాది బడి మార్చేవాళ్లు ఆలోచించి మార్చండి. దరఖాస్తుల గడువు మీద కన్నేసి ఉంచండి.

కోస్గి పెద్దమ్మ | ఏప్రిల్ 22

టీచరమ్మా, మనవడితో చదివించుకుంటున్నాను. వేలు ఆగుతోంది. రెండు వరుసలు దాటాక ఆగుతోంది. తిట్టలేదు.

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 22

మంచి పని చేశారు పెద్దమ్మా. ఆగిన మాట దగ్గర గీత పెట్టించండి. రేపు కార్డు తీసుకునేటప్పుడు ఆ గీతలు పెట్టిన పుస్తకమే పట్టుకెళ్లి వాళ్ల టీచరుకు చూపించండి, ఒకటో తరగతి, రెండో తరగతి వాచకాలు సెలవులకు అడిగి తీసుకోండి. సులువైన పుస్తకం నుంచి మొదలుపెడితే వాడికి ధైర్యం వస్తుంది.

హాలియా అమ్మ | ఏప్రిల్ 22

మేడం, చివరి నిమిషం సందేహం. మా పెద్దవాడి రికార్డు షీటు నమూనా చూపించారు, అందులో ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా ఉంది. ఆధార్ మార్చుకోవాలా, బడి వాళ్లతో మార్పించాలా?

పానగల్లు టీచర్ | ఏప్రిల్ 22

ముందు మీ బడి అడ్మిషన్ రిజిస్టరులో ఎలా ఉందో చూపించమనండి. రిజిస్టరులో సరిగా ఉండి షీటులో తప్పు పడితే హెచ్‌ఎం గారు కొత్త షీటు రాసి ఇస్తారు. రిజిస్టరులోనే తేడా ఉంటే జనన ధ్రువపత్రం జిరాక్సుతో దరఖాస్తు రాసి ఇవ్వండి. జనన ధ్రువపత్రం ప్రకారం ఆధారే తప్పయితే ఆధార్ మార్పించాలి. రేపు ఎనిమిదికే వెళ్లండి, తొమ్మిది దాటితే కార్డుల పంపకంలో ఎవరూ దొరకరు.